ఓడిన ఆట కాగితం

టోర్నమెంటులో ఓడిపోయి వచ్చిన రోజు మా చిన్నది తన స్కోరు కాగితాన్ని ఉండచుట్టి మూలకు విసిరేసింది. "ఇంగ నేను ఆడనమ్మా" అంది. చదరంగం పోటీల్లో తన ఎత్తులూ, ఎదుటివాళ్ల ఎత్తులూ ఆడేవాళ్లే రాసుకోవాలి. ఆ కాగితాన్ని చదును చేసి బీరువాలో దాచాను. అప్పటికి నాకు గుర్రం ఎలా దూకుతుందో తెలుసు, అంతే.

ఎత్తులు రాసుకునే ఆ అలవాటు వల్లే పాత ఆటలు మనదాకా వచ్చాయి. 1956 అక్టోబరులో న్యూయార్క్ టోర్నమెంటులో పదమూడేళ్ల బాబీ ఫిషర్, డొనాల్డ్ బైర్న్‌తో ఆడిన ఆట అలాంటిదే. 17వ ఎత్తులో ఫిషర్ ఏకంగా మంత్రినే వదులుకున్నాడు. బదులుగా ఒక ఏనుగును, రెండు శకట్లను, ఒక బంటును సంపాదించి 41వ ఎత్తుకు ఆట కట్టించాడు. అందరూ ఆ మంత్రి గురించే చెప్తారు. మేమిద్దరం బోర్డు మీద పేర్చి చూస్తే అసలు సంగతి అంతకు ముందే కనిపించింది. బైర్న్ తన రాజుకు కోట కట్టకుండా, ఒకసారి కదిపిన శకటునే 11వ ఎత్తులో మళ్లీ కదిపాడు. ఇంటికి తలుపు వేయకుండా తిరునాళ్లకు పోయినట్టు!

మన తెలుగింట్లో ఈ చదువు కోనేరు హంపిది. పుట్టింది గుడివాడలో. తండ్రి అశోక్ గారు ఉద్యోగం మానుకొని మరీ నేర్పారు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరై, హంగేరీకి చెందిన జూడిట్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. నాకు మాత్రం ఆ తరువాతి కథే ఇష్టం. 2017లో తల్లయింది, కొన్నాళ్లు ఆటకు దూరంగా ఉంది. తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. 2025 జూలైలో బటూమిలో ప్రపంచ కప్ ఫైనల్లో, తన వయసులో సగమున్న దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. ఆ ఆటల ఎత్తులూ భద్రంగానే ఉన్నాయి, నేర్చుకునేవాళ్ల కోసం.

ఒక ఆదివారం మధ్యాహ్నం బీరువాలోంచి ఆ కాగితం తీశాను. ఏనుగు పోయిన 26వ ఎత్తు దగ్గరే ఓడిపోయానని పాప నమ్మకం. ఒక్కో ఎత్తే వెనక్కి పోతే 12వ ఎత్తులో తప్పు దొరికింది. అక్కడ మా రాజు కూడా నట్టనడుమే ఉన్నాడు! ఇద్దరం నవ్వుకున్నాం.

మళ్లీ పోటీకి పోయినప్పుడు కాగితాన్ని మడత పడకుండా నోటుపుస్తకంలో పెట్టుకొని వచ్చింది. గెలిచిందో ఓడిందో నేను అడిగేలోపే బోర్డు పరిచింది.