చదువబ్బనిది ఎవరికి?

సాయిబుల పిల్లలకు చదువబ్బదన్న మాట మేం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. పంతుళ్లన్నారు, ఇరుగుపొరుగు అన్నారు, చివరికి మా ఇళ్లలో పెద్దలే నమ్మేశారు. పిల్లల బుద్ధి మీద తీర్పు చెప్పేముందు కాస్త చరిత్ర తిరగెయ్యాలి.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. గణితం, రసాయనం, వైద్యం, న్యాయం పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. అమ్మీ మాట్లాడే భాషలోనే డాక్టరయ్యే దారి పడింది. ఆ భాషే కచేరీలో, కోర్టులో కొలువిచ్చింది. చదువు మీద ఆశ ఎవరూ నూరిపొయ్యాల్సిన పని లేకపోయింది.

అదే రాజ్యంలో ఎక్కువమంది భాష అయిన తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు. పై చదువుల గడప దగ్గర తెలుగు పిల్లవాడు పరాయివాడయ్యాడు. దీన్ని మేం దాచం. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1926లో గోలకొండ పత్రిక ఆ ఆకలిలోంచే వచ్చాయి. ఆ బాధ పడ్డవాళ్లకు మా బాధ వేరే చెప్పాలా?

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దఫ్తర్లలోనూ ఉర్దూ పక్కకు జరిగింది. ఇంట్లో నేర్చిన అక్షరం బయట చెల్లని నాణెమైంది. ఏడు చదివినా సైకిల్ షాపే, చదవకపోయినా సైకిల్ షాపే అయినప్పుడు అబ్బా కొడుకుని ముందే పనిలో పెట్టాడు. అది అజ్ఞానం కాదు, పేదవాడి లెక్క.

మదర్సాలే మా పిల్లల్ని చెడగొట్టాయని ఇంకో మాట. 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది: బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేవాళ్లు నూటికి నలుగురికి మించి లేరు. 6 నుంచి 14 ఏళ్ల వాళ్లలో మాత్రం నూటికి 25 మంది బడి మొహమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. వాళ్లను మదర్సా ఎత్తుకుపోలేదు. జరీ పని, వెల్డింగు, హోటలు పని ఎత్తుకుపోయాయి.

2007లో వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. కాలేజీ సీటు కంటికి కనిపించింది. సీటు కనిపిస్తే పుస్తకం తెరవాలనిపిస్తుంది. ఆశకు అంతకన్నా పెద్ద రహస్యం లేదు.

ఉర్దూ బడికి పంతుల్నివ్వండి. తెలుగు బడిలో చదివే మా పిల్లకు వాచకంలో ఒక ఫాతిమానివ్వండి. చదివినవాడికి కొలువివ్వండి. మా పిల్లల ఆసక్తిని ఆ తర్వాత కొలవండి.