తుంటి మార్చాక "పరిగెత్తొద్దు" అనే మాట ఎక్కడ పుట్టింది?

ఈ ఎపిసోడ్ చరిత్రే, కానీ ఇందులో నా సొంత లెక్క కూడా ఉంది. నాకు 27 ఏళ్ళప్పుడు కుడి తుంటి కీలు మార్చారు. కారణం ఏవీఎన్, అంటే అవాస్క్యులర్ నెక్రోసిస్. తొడ ఎముక పైచివర ఒక గుండు ఉంటుంది కదా, దానికి రక్తం అందక లోపల ఎముక చచ్చిపోతుంది, ఆ తర్వాత గుండు నొక్కుకుపోతుంది. దీనికి వయసుతో పని లేదు. డిశ్చార్జ్ కాగితం మీద చేయకూడని పనుల లిస్టు ఇచ్చారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దు, ఇండియన్ టాయిలెట్ వద్దు, బరువులు ఎత్తొద్దు, పరిగెత్తొద్దు. మొదటి రెండింటికీ కారణం ఫిజియో మేడమ్ బొమ్మ గీసి మరీ చెప్పారు: కాలు అంత వంచి తిప్పితే బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. పరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అరిగిపోతుంది తమ్ముడూ" అని ఊరుకున్నారు.

ఏది అరిగిపోతుంది? ఎంత? ఎవరు కొలిచారు? ఇంజనీర్ బుర్ర కదా, ఊరుకోదు. వెతుక్కుంటూ వెళ్తే ఆ ఒక్క మాట వెనక 60 ఏళ్ళకు పైబడిన కథ ఉంది.

కృత్రిమ తుంటి ప్రయత్నాలు చాలా పాతవి. 1891లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే డాక్టర్ ఏనుగు దంతంతో గుండు చేసి పెట్టాడు. 1923లో అమెరికాలో స్మిత్-పీటర్సన్ గాజు తొడుగు పెట్టి చూశాడు. గాజు. మనిషి బరువు కింద. ఏమై ఉంటుందో ఊహించుకోండి, పగిలిపోయేవి. 1940ల్లో ఫ్రాన్స్‌లో జూడే అన్నదమ్ములు ఆక్రిలిక్ ప్లాస్టిక్ గుండు పెట్టారు. ఇది కొంతకాలం బాగా నడిచింది. తర్వాత కొందరిలో కీచుకీచుమని శబ్దం మొదలైంది.

ఈ కీచు శబ్దమే అసలు కథకి మొదలు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ అనే సర్జన్ దగ్గరికి అలాంటి పేషెంట్ ఒకాయన వచ్చాడు. ఆ శబ్దం భరించలేక భార్య తన దగ్గర కూర్చోవడానికే ఇష్టపడటం లేదని చెప్పుకున్నాడట. వేరే డాక్టర్ అయితే నవ్వి వదిలేసేవాడేమో. చార్న్లీ మాత్రం ఇంకోలా ఆలోచించాడు. శబ్దం వస్తోందంటే రాపిడి ఎక్కువగా ఉంది. రాపిడి ఎక్కువైతే ప్రతి అడుగుకీ ఆ మెలి మొత్తం ఎముకలో దిగిన కాడ మీద పడుతుంది, కాడ వదులవుతుంది. అంటే సమస్య ఎముకది కాదు, ఫ్రిక్షన్‌ది. నాకు ఈ మనిషి నచ్చింది ఇక్కడే. మెకానిక్ ఇంజన్ శబ్దం విని రోగం చెప్పినట్టు చెప్పాడు.

లాంకషైర్‌లో రైటింగ్టన్ అనే ఊళ్ళో ఒకప్పటి క్షయ ఆసుపత్రి. అక్కడే చార్న్లీ తన వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. బంతిని వీలైనంత చిన్నది చేశాడు, దాదాపు 22 మిల్లీమీటర్లు. చిన్న బంతి అయితే మెలి తక్కువ పడుతుంది. గిన్నెకి అప్పట్లో తెలిసిన అతి జారుడు ప్లాస్టిక్‌ని తీసుకున్నాడు: టెఫ్లాన్. అవును, మన దోసె పెనం మీద ఉండేదే. కాడని ఎముకలో నిలబెట్టడానికి పళ్ళ డాక్టర్లు వాడే జాతి ఆక్రిలిక్ సిమెంట్. 1950ల చివర్లో మొదలుపెట్టి సుమారు 300 ఆపరేషన్లు చేశాడు. నొప్పితో మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు. 1961లో లాన్సెట్ పత్రికలో పేపర్ కూడా వచ్చింది.

తర్వాత ఒక్కొక్కరే వెనక్కి రావడం మొదలైంది. టెఫ్లాన్ జారుడుదే కానీ మెత్తటిది. స్టీల్ బంతి దాన్ని తొలుచుకుంటూ పైకి పోయింది. అంతకంటే ఘోరం ఏంటంటే, అరిగిన రజను చుట్టూ శరీరం మండిపోయి గడ్డలు కట్టింది, పక్కనున్న ఎముకని తినేసింది. 300 మంది. వాళ్ళందరికీ మళ్ళీ కోత. చార్న్లీ ఆ రజను ఏం చేస్తుందో చూడటానికి టెఫ్లాన్‌ని, ఇంకో ప్లాస్టిక్‌ని తన సొంత తొడలోనే పెట్టించుకుని నెలల తరబడి గమనించాడు. టెఫ్లాన్ ఉన్నచోట వాపు వచ్చింది. ఇది 1963లో ఆయనే రాసి ప్రచురించాడు.

ఆ ఇంకో ప్లాస్టిక్ దొరికిన తీరు నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన భాగం. 1962లో ఒక సేల్స్‌మన్ వర్క్‌షాప్‌కి వచ్చాడు. లాంకషైర్ బట్టల మిల్లుల ప్రాంతం కదా, అక్కడ మగ్గాల గేర్లకి వాడే కొత్త రకం పాలిథిలీన్ ముక్క తెచ్చాడు. మన సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులోకి ఒకసారి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, అక్కడ గేర్ ఎంత దెబ్బ తినాలో. చార్న్లీ ఆ ముక్కని గోటితో నొక్కి చూసి, పనికిరాదు, టైమ్ వేస్ట్ అనేశాడు. వర్క్‌షాప్‌లో పనిచేసే హ్యారీ క్రేవెన్ మాత్రం బాస్ మాట పక్కనపెట్టి, ఆ ముక్కని అరుగుదల మెషిన్ మీద ఎక్కించి వదిలేశాడు. మూడు వారాలు మెషిన్ తిరిగాక చూస్తే, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. అదే ఏడాది నవంబర్ నుంచి ఆ ప్లాస్టిక్ మనుషుల్లోకి వెళ్ళింది. ఇప్పటికీ వెళ్తున్నది దాని వారసులే. చార్న్లీకి 1977లో సర్ బిరుదు వచ్చింది. క్రేవెన్ పేరు ఎంతమంది విన్నారు చెప్పండి? టీమ్ లీడ్ వద్దన్న ప్యాచ్‌ని ఎవరో జూనియర్ శుక్రవారం సాయంత్రం టెస్ట్‌లో పెట్టి ప్రాజెక్టుని కాపాడినట్టు ఉంటుంది నాకు ఇది.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ ఆపరేషన్ తయారైంది ఎవరికోసం? కీళ్ళవాతంతో అడుగు వేయలేని పెద్దవాళ్ళ కోసం. నొప్పి పోవాలి, ఇంట్లో నడవాలి, మెట్లెక్కాలి. స్పెసిఫికేషన్ అంతే. పరుగు అనేది రిక్వైర్‌మెంట్‌లోనే లేదు. వయసులో ఉన్నవాళ్ళు వేగంగా అరగదీస్తారని మొదటినుంచీ భయమే. టెఫ్లాన్ దెబ్బ తిన్న మనిషికి ఆ భయం ఉండదా మరి?

ఆ భయం నిజమే అయ్యింది. కొత్త ప్లాస్టిక్ కూడా అరుగుతుంది, నెమ్మదిగా. 1970లు, 80ల్లో ఎక్స్‌రేల్లో కాడల చుట్టూ ఎముక కరిగి నల్లటి ఖాళీలు కనపడటం మొదలైంది. ముందు తప్పంతా సిమెంట్ మీద వేశారు, "సిమెంట్ జబ్బు" అని పేరు కూడా పెట్టారు. సిమెంట్ లేకుండా పెట్టినవాళ్ళలోనూ అదే కనపడేసరికి దొంగ ఎవరో తెలిసింది: ప్లాస్టిక్ రజను. కంటికి కనపడని ఆ ధూళిని తెల్ల రక్తకణాల జాతివి మింగి, అరిగించుకోలేక, ఎముకని కరిగించే సిగ్నల్ పంపుతున్నాయి. "పరిగెత్తొద్దు" అనే రూల్ గట్టిపడింది ఈ కాలంలోనే. ఎముక ఒకసారి కరిగిపోతే రెండో ఆపరేషన్‌కి కాడ దిగడానికి గట్టి చోటు దొరకదు. 70 ఏళ్ళాయనకి ఇది ఒక లెక్క. 27 ఏళ్ళవాడికి ముందు ఇంకో 50 ఏళ్ళు ఉన్నాయి, అది వేరే లెక్క.

సరిగ్గా ఆ కాలంలో ఒకడు రూల్‌కి అడ్డంగా వెళ్ళాడు. బో జాక్సన్, అమెరికాలో బేస్‌బాల్, వాళ్ళ ఫుట్‌బాల్ రెండూ ప్రొఫెషనల్‌గా ఆడిన మనిషి. 1991 జనవరి 13న ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పరిగెడుతుంటే వెనక నుంచి పట్టుకుని పడేశారు, తుంటి దెబ్బతింది. ఆ దెబ్బకి రక్తం ఆగి ఏవీఎన్ వచ్చింది. నా జబ్బే. 1992లో కీలు మార్చారు. 1993 ఏప్రిల్‌లో షికాగో వైట్ సాక్స్‌కి బ్యాట్ పట్టి, తిరిగొచ్చాక మొదటిసారి బ్యాటింగ్‌కి దిగినప్పుడే హోమ్ రన్ కొట్టాడు. వీడియో చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ పక్కనే ఇంకో నంబర్ ఉంది, దాన్ని ఎవరూ రీల్స్‌లో పెట్టరు. బేస్‌బాల్‌లో అవతలివాడు ఏమరుపాటుగా ఉన్నప్పుడు పక్క బేస్‌కి దూసుకెళ్ళడం ఉంటుంది, అచ్చంగా పరుగు వేగానికి కొలత. 1988లో జాక్సన్ అలా 27 సార్లు చేశాడు. 1993లో సున్నా. అతను ఆటకి తిరిగొచ్చాడు, పరుగుకి కాదు. 1995కల్లా రిటైర్ అయిపోయాడు.

తర్వాత మెటీరియల్ మారింది. బోస్టన్‌లో విలియం హ్యారిస్ బృందం, ఇంకా కొందరు, పాలిథిలీన్ మీద రేడియేషన్ పంపి దాని గొలుసుల్ని ఒకదానికొకటి ముడి వేసి, తర్వాత వేడి చేశారు. 1990ల చివర్లో ఇది మనుషుల్లోకి వచ్చింది. అరుగుదల బాగా పడిపోయింది. ఫ్రాన్స్‌లో 1970లోనే మొదలైన సిరామిక్ బంతులు కూడా ఈలోపు మెరుగయ్యాయి. నాలో ఉన్నది ఈ జంటే: సిరామిక్ బంతి, ముడివేసిన ప్లాస్టిక్ గిన్నె.

ఇంకో దారి కూడా ఉంది, మెటల్ మీద మెటల్. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో డెరెక్ మెక్‌మిన్ 1990ల్లో గుండుని కోసి పారేయకుండా దానిమీద మెటల్ టోపీ తొడిగే పద్ధతిని తీసుకొచ్చాడు. రీసర్ఫేసింగ్ అంటారు. యువకులకి, ఆటగాళ్ళకి ఇదే అన్నారు. ఆండీ ముర్రే గుర్తున్నాడా? 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఏడుస్తూ టెన్నిస్ ఆపేస్తానన్నాడు. అదే నెలలో లండన్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్నాడు. అక్టోబర్‌లో ఆంట్‌వర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 2023లో అదే మెల్‌బోర్న్‌లో తెల్లవారుజామున 4 దాటేదాకా, దాదాపు ఆరు గంటలు ఆడి నెగ్గాడు. మెటల్ తుంటితో.

అయితే ఇదే కుటుంబంలో ఇంకో కథ ఉంది, దాన్ని కూడా చెప్పాలి. జాన్సన్ అండ్ జాన్సన్‌కి చెందిన డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే మెటల్ తుంటిని అమ్మింది. చాలామందిలో మెటల్ రజను, కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి దిగి చుట్టూ కండని పాడుచేశాయి. 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. మన దేశంలో సుమారు 4,700 మందికి ఇవి పెట్టారు. కేంద్రం వేసిన కమిటీ చూస్తే అందులో వేలమంది ఎక్కడున్నారో ఆచూకీయే లేదు. ఎవరిలో ఏ ఇంప్లాంట్ ఉందో చెప్పే రికార్డు లేదు. 2018లో నష్టపరిహారం ఫార్ములా వచ్చేసరికే ఎనిమిదేళ్ళు గడిచాయి. అందుకే చెప్తున్నా, మీ ఇంట్లో తాతయ్యకో అమ్మకో తుంటి, మోకాలు మార్చి ఉంటే, ఫైల్‌లో ఇంప్లాంట్ పేరు, నంబర్ ఉన్న చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఈ వీడియో పాజ్ చేసి దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

సరే, ఈ కాలపు మెటీరియల్‌తో పరిగెత్తొచ్చా మరి? లెక్క చూద్దాం. బెర్లిన్‌లో గెయార్గ్ బెర్గ్‌మన్ బృందం తుంటి ఇంప్లాంట్ లోపలే సెన్సర్లు, చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి లోడ్ కొలిచింది, 1993లో ప్రచురించింది. నెమ్మదిగా నడిస్తే శరీర బరువుకి దాదాపు 3 రెట్లు. జాగింగ్‌లో 5 రెట్లు దాటుతుంది. తట్టుకుని పడబోయినప్పుడు 7 రెట్లు. ఆ చివరి నంబర్ చూశాక నాకు పరుగు కంటే హైదరాబాద్ ఫుట్‌పాత్ అంటేనే ఎక్కువ భయం వేసింది.

ఇక అరుగుదల ఏళ్ళ మీద కాదు, అడుగుల మీద ఆధారపడుతుంది. ఫోన్‌లో రోజుకి 10 వేల అడుగులు చూపిస్తే ఏడాదికి ఒక్కో కాలికి 18 లక్షలు. వారానికి మూడుసార్లు 5 కిలోమీటర్ల జాగింగ్ అంటే, ఒక్కోసారి 6 వేల అడుగులు అనుకుంటే, ఒక్కో కాలికి ఏడాదికి నాలుగున్నర లక్షల పైన. ప్రతి అడుగు బరువైనదే, కానీ అంకె భయపడినంత పెద్దది కాదు. జపాన్‌లో 2014లో వచ్చిన ఒక పరిశీలనలో తుంటి మార్చిన 600 పైచిలుకు మందిలో జాగింగ్ చేస్తున్నవాళ్ళు 23 మంది. ఐదేళ్ళ దగ్గర వాళ్ళలో కాడ వదులవడం కనపడలేదు. బాగుంది. కానీ 23 మంది, ఐదేళ్ళు. నాకు కావాల్సింది 50 ఏళ్ళ డేటా. దాన్ని ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే నాలో ఉన్న ప్లాస్టిక్‌కే ఇంకా 30 ఏళ్ళు నిండలేదు.

ఈ అంకెలన్నీ పట్టుకుని మా సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన వద్దనలేదు, పరిగెత్తమనీ అనలేదు. తుంటి చుట్టూ కండ బలం రెండువైపులా సమానం అయ్యాక మట్టి ట్రాక్ మీద చూడమన్నారు. దానికి పద్నాలుగు నెలలు పట్టింది. మొదటి రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఆరుసార్లు, అంతే. ఇప్పుడు వారానికి రెండుసార్లు 3 కిలోమీటర్లు. మారథాన్ ఊసు లేదు, నాకు అక్కర్లేదు కూడా. ఏడాదికోసారి ఎక్స్‌రే తీసి, గిన్నెలో బంతి పోయినేడు ఉన్నచోటే ఉందా, కొంచెం పైకి జరిగిందా అని కంప్యూటర్ మీద కొలుస్తారు. చార్న్లీ టెఫ్లాన్ గిన్నెల్లో చూసింది కూడా ఇదే, బంతి ఎంత పైకి జరిగిందని. నా తర్వాతి ఎక్స్‌రే నవంబర్‌లో.