వేట నుండి టీకా దాకా: చంద్రగిరి సీమలో శునక సంరక్షణ

తెలుగు ప్రబంధాల్లో కుక్కకు చోటు దక్కినది ప్రధానంగా వేటలోనే. మనుచరిత్రలోని స్వరోచి వేట అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వేటకుక్కల వేగాన్నీ పౌరుషాన్నీ వర్ణించిన కవి దృష్టి, వేట ముగిశాక వాటి గాయాలపై నిలవలేదు. భైరవుని వాహనమన్న గౌరవం సైతం వాటికి వైద్యాన్ని సమకూర్చినట్లు తోచదు.

వలసపాలనలో కుక్క ప్రస్తావన కాటుతోనే మొదలైంది. 1911 దాకా ఉత్తరార్కాటు జిల్లాలో ఉన్న చంద్రగిరి తాలూకా వారికి పిచ్చికుక్క కాటుకు చికిత్స కావాలంటే, 1907లో కూనూరులో వెలసిన పాశ్చర్ సంస్థే ఆధారం. పాకాల, కాట్పాడి మీదుగా రైలులో సాగి నీలగిరి కొండలెక్కాలి. కాటుకూ జలభయ లక్షణాలకూ నడుమ సాధారణంగా కొన్ని వారాల వ్యవధి ఉండటం వల్లనే ఆ ప్రయాణం సార్థకమైంది. లక్షణాలు పొడసూపితే మరణమే. గొర్రె మెదడు కణజాలంతో చేసిన సెంపుల్ టీకా వచ్చాక చికిత్స ఊళ్లకు చేరువైంది. జనం నోట 'బొడ్డు చుట్టూ సూదులు'గా మిగిలిన ఆ టీకా వాడకం దేశంలో 2005 నాటికి గాని ఆగలేదు.

అయితే అదంతా మనిషికి జరిగిన వైద్యం. కుక్కనే రోగిగా చూసే చదువు ఈ సీమలో 1955లో ఆరంభమైన తిరుపతి పశువైద్య కళాశాలతో వేళ్లూనుకుంది. 2005లో అక్కడే పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, ఆపై ఏటేటా మరొకటి వేయించడమన్న నియమంతో రక్షణ కరిచిన చోటు నుండి కరవగల నోటికి మారింది.