సర్వర్ డిస్కు నిండినప్పుడు: సమాచారం నష్టపోకుండా నిల్వ సామర్థ్యం పెంచే విధానం

బిలాస్‌పూర్ (బోద్రీ): ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన 2000 నవంబరు 1నే ఆ రాష్ట్ర హైకోర్టు కూడా బిలాస్‌పూర్ కేంద్రంగా ఆవిర్భవించింది. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం గల ఈ నగరానికి చేరువలోని బోద్రీలో హైకోర్టు ప్రాంగణం ఉంది. దేశంలోని ఇతర న్యాయస్థానాల మాదిరిగానే ఇక్కడి దస్త్రాలు కూడా కాగితం నుంచి కంప్యూటర్‌కు మారే దశలో ఉన్నాయి. 2023 సెప్టెంబరు 13న కేంద్ర మంత్రివర్గం ఈ-కోర్టుల ప్రాజెక్టు మూడో దశకు రూ.7,210 కోట్లు ఆమోదించగా, అందులో రూ.2,038.40 కోట్లను దస్త్రాల స్కానింగ్, డిజిటలీకరణ, పరిరక్షణలకే కేటాయించారు.

బీరువా నిండితే పక్కన మరొకటి చేర్చవచ్చు. సర్వర్ డిస్కు నిండితే మాత్రం డేటాబేస్ కొత్త వివరాలు రాయలేక ఆగిపోతుంది. దావాల నమోదు, ఉత్తర్వుల అప్‌లోడ్ నిలిచిపోతాయి. ఆ ఒత్తిడిలో హడావుడిగా చేసే విస్తరణే చాలా సందర్భాల్లో అసలు నష్టానికి దారితీస్తుంది.

ఈ ఇబ్బంది పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2023 ఆగస్టు 27న టయోటా సంస్థ విడిభాగాల ఆర్డర్ల సర్వర్లలో నిర్వహణ పనులు చేస్తుండగా డిస్కు స్థలం చాలక వ్యవస్థ నిలిచిపోయింది. ప్రత్యామ్నాయ సర్వర్లూ అదే వ్యవస్థపై ఉండడంతో అవి ఆదుకోలేకపోయాయి. ఆగస్టు 29న జపాన్‌లోని 14 కర్మాగారాల్లో ఉత్పత్తి స్తంభించింది. అధిక సామర్థ్యం గల సర్వర్‌కు డేటాను తరలించిన తర్వాతే పని పునఃప్రారంభమైంది.

కొత్త డిస్కు కొనుగోలుకు ముందు, ఉన్నది నిజంగా నిండిందా అన్నది పరిశీలించాలి. అదుపు లేకుండా పెరిగిన లాగ్ ఫైళ్లు తరచుగా కారణమవుతాయి. తొలగించిన ఫైలును ఏదో ఒక ప్రోగ్రామ్ ఇంకా తెరిచి ఉంచితే ఆ స్థలం ఖాళీ కాదు. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లున్న చోట స్థలం మిగిలి ఉన్నా ఐనోడ్‌లు అయిపోయి, డిస్కు నిండినట్టే సందేశం వస్తుంది.

విస్తరణ తప్పనిసరి అయినప్పుడు తొలి పని బ్యాకప్. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేస్తే ఆ ప్రతి పొందికగా ఉండదు. డేటాబేస్ సొంత సాధనంతోనే ప్రతి తీయాలి. దానిని మరో యంత్రంలో పునరుద్ధరించి, రెండు మూడు దస్త్రాలు తెరిచి చూసేంత వరకు బ్యాకప్ ఉన్నట్టు భావించరాదు. స్నాప్‌షాట్ మూల డిస్కుపైనే ఆధారపడుతుంది కనుక బ్యాకప్ స్థానాన్ని భర్తీ చేయలేదు. రెయిడ్ కూడా అంతే: డిస్కు చెడిపోతే కాపాడుతుంది గాని, పొరపాటు ఆదేశాన్ని అన్ని డిస్కులపైనా నమ్మకంగా అమలు చేస్తుంది.

సర్వర్‌లో నిల్వ పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున డిస్కు, దానిపై విభాగం, ఆపై లాజికల్ వాల్యూమ్, అన్నిటికంటే లోపల ఫైల్ సిస్టమ్. పెంచేటప్పుడు బయటి పొర నుంచి లోపలికి రావాలి. తగ్గించేటప్పుడు లోపలి నుంచి బయటికి వెళ్లాలి. ఈ క్రమం తారుమారై ఫైల్ సిస్టమ్ కంటే దాని పాత్ర చిన్నదైతే, చివరి భాగంలోని సమాచారం తెగిపోతుంది.

ఈ-కోర్టుల వ్యవస్థలో వాడే ఉబుంటు సహా లైనక్స్ సర్వర్లలో ఎల్‌వీఎం అనే లాజికల్ వాల్యూమ్ విధానం ఈ పనిని ఎంతో సులభం చేస్తుంది. కొత్త డిస్కును ఫిజికల్ వాల్యూమ్‌గా సిద్ధం చేసి, ఉన్న వాల్యూమ్ గ్రూపులో చేర్చి, లాజికల్ వాల్యూమ్‌ను పెంచి, చివరగా ఫైల్ సిస్టమ్‌ను విస్తరిస్తారు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండింటినీ సాధారణంగా సర్వర్ నడుస్తుండగానే పెంచవచ్చు. అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచాక మళ్లీ కుదించడం సాధ్యం కాదనే భావించి పరిమాణం నిర్ణయించుకోవాలి. కొత్త డిస్కు కూడా చెడిపోవచ్చు గనుక, దానికి రెయిడ్ రక్షణ లేకుంటే మొత్తం వాల్యూమ్ ప్రమాదంలో పడుతుంది.

అసలు ప్రమాదం మొదటి మెట్టులోనే పొంచి ఉంది. డిస్కులకు వ్యవస్థ ఇచ్చే పేర్లు సర్వర్‌ను మళ్లీ ప్రారంభించినప్పుడు మారిపోవచ్చు. నిన్న ఖాళీ డిస్కుకున్న పేరు నేడు దస్త్రాల డిస్కుకు ఉండవచ్చు. అందువల్ల పేరును బట్టి కాక, డిస్కు సీరియల్ సంఖ్యను, పరిమాణాన్ని సరిచూసిన తర్వాతే ఆదేశం ఇవ్వాలి. ఎల్‌వీఎం లేని చోట విభాగాన్ని నేరుగా పెంచవలసి వస్తే దాని ప్రారంభ సెక్టార్ అణుమాత్రం కదలరాదు. పాత ఎంబీఆర్ పట్టికతో 512 బైట్ల సెక్టార్ల డిస్కులో 2 టెరాబైట్లకు మించి వాడుకోలేరు. అంతకు మించితే జీపీటీ అవసరం.

రెయిడ్‌లోని డిస్కులను ఒక్కొక్కటిగా పెద్దవాటితో మార్చేటప్పుడు, ఒకటి పూర్తిగా పునర్నిర్మితమయ్యే వరకు మరొకదానిని కదిలించరాదు. రెయిడ్-5లో ఆ వ్యవధిలో రెండో డిస్కు విఫలమైతే మొత్తం సమాచారం పోతుంది.

నిల్వ పెరిగే కొద్దీ బ్యాకప్ సామర్థ్యం కూడా పెరగాలి. ఈ అంశం బడ్జెట్లలో తరచుగా మరుగున పడుతుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రంలో సంభవించిన అగ్నిప్రమాదంలో, ఉద్యోగుల పత్రాలు దాచే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం నాశనమైంది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి బయట ప్రతి ఉంచలేదు.

విస్తరణ ముగిశాక సర్వర్‌ను ఒకసారి పునఃప్రారంభించి, వాల్యూమ్‌లు సక్రమంగా అనుసంధానమయ్యాయో లేదో నిర్వాహకులు చూడాలి. డేటాను కొత్త డిస్కుకు తరలించిన పక్షంలో, కనీసం ఒక పూర్తి బ్యాకప్ చక్రం పూర్తయ్యే వరకు పాత డిస్కును చెరపకుండా భద్రపరచాలి.