మారికుప్పం దారి అందరిదీ

మేము ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివినవాళ్లము. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మన పెద్దాయన ఒకరు తెల్లవారి వాకింగుకు పోయి, మోటారుబండి తగిలి పడ్డారు. చెయ్యి విరిగింది. అప్పటినుంచి సంఘంలో ఒకటే మాట: మారికుప్పం వైపు మట్టిదారికి రాతి స్తంభాలు నాటి, నడిచేవాళ్లకు తప్ప ఇంకెవరికీ వదలకూడదని. ఆ దారి చూసి వద్దామని ఆదివారం నలుగురము మారికుప్పం స్టేషను నుంచి ఉరిగాం వైపు నడిచాము. పట్టాల మీద కాదు, పక్కన. రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాళ్లము, ఆ మాత్రం తెలుసు.

దారిలో ఎవరెవరు కనబడ్డారో చెబుతాము. బెంగళూరు రైలు కోసం టిఫిన్ డబ్బాతో పరుగెత్తే ఆడపిల్లలు. సైకిళ్ల మీద బడిపిల్లలు. మేకలు తోలుకుపోయే ఒక అవ్వ. షుగరు తగ్గాలని నడిచే మనలాంటివాళ్లు. ఆ అవ్వను అడిగితే, "ఇది మూస్తే నా మేకలు యాడికి పోవాల నాయనా?" అనింది. మా దగ్గర జవాబు లేదు.

ఈ చోటి చరిత్ర కొంచెం గుర్తు చేసుకుందాము. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడికి వచ్చింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట నుంచి మారికుప్పానికి రైలు పడింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి మన తాతలు వచ్చారు. 1911 దాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటులోనిదే కాబట్టి, తెలుగువాళ్లూ తమిళులూ ఒకే జిల్లా మనుషులుగా వచ్చినట్టే. దొరలకు బంగళాలు, క్లబ్బు. కూలీలకు లైన్లు. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో కంపెనీయే గీత గీసింది. కానీ సైరన్ కూయగానే షిఫ్టుకు పోయే కాలిదారిలో అన్ని లైన్లవాళ్లూ కలిసి నడిచారు. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగేవాళ్లు, రాళ్లు పేలి మనుషులు పోయిన రోజున ఏడుస్తూ పరుగెత్తేవాళ్లు, అందరూ ఆ దారినే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైరన్ ఆగింది. సైనైడు దిబ్బలు మిగిలాయి. రాయిని పిండి చేసి, సైనైడు నీళ్లతో బంగారం తీసుకున్నాక పారబోసిన మన్ను అది. గాలికాలంలో ఆ దుమ్ము ఇప్పటికీ మన వాకిళ్లలో పడుతూనే ఉంది. పిల్లలను దిబ్బలెక్కి ఆడుకోనివ్వకండి.

ఇక్కడ గని కెప్టెన్లుగా పనిచేసిన దొరల్లో చాలామంది ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఊళ్లలోనూ గనులు మూతపడ్డాయి. రాగి రాయిని ఓడరేవుకు మోయడానికి 1809లో అక్కడ పోర్ట్‌రీత్ దగ్గర గుర్రపు ట్రామ్ దారి మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ పాత దారులను కలిపి, పోర్ట్‌రీత్ నుంచి డెవొరాన్ దాకా, ఒక సముద్రతీరం నుంచి ఇంకో తీరానికి, దాదాపు 18 కిలోమీటర్ల బాట చేశారు. నడిచేవాళ్లు, సైకిలువాళ్లు, గుర్రమెక్కినవాళ్లు ముగ్గురికీ అదే బాట. మన తాతలకు పని చెప్పినవాళ్ల ఊరు పాత గని దారిని అందరికీ వదిలింది. మనము మన దారికి స్తంభాలు నాటుతామా?

పెద్దాయన చెయ్యి విరిగిన బాధ మాకూ ఉంది. దానికి మందు వేరు. మోటారుబండ్లు రాకుండా సైకిలు, మేకలు దూరేంత సందు వదిలి అడ్డం పెట్టమని నగరసభకు అర్జీ ఇద్దాము. సైకిలు పిల్లలు గంట కొట్టాలి, నడిచేవాళ్లు ఎడమ పక్కన పోవాలి, నలుగురు వరుసకట్టి దారంతా ఆక్రమించకూడదు. చివరిది మాకు మేమే చెప్పుకుంటున్నాము, మేమూ అట్లాగే నడిచాము. పాత షాఫ్టుల వైపు పోవద్దని తెలుగు, తమిళం, కన్నడలో బోర్డు పెట్టిద్దాము.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మారికుప్పం స్టేషను బయట ఉంటాము. స్తంభాలు కావాలనేవాళ్లు కూడా తప్పక రండి. ఒకసారి కలిసి నడిచి, తరువాత మీటింగులో మాట్లాడుకుందాము.