తిరుగు దారి ఎవరికి? రంగూన్ నుంచి కువైట్ దాకా దళిత వలస

పరాయి దేశంలో యుద్ధం వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు ఒక ప్రశ్న అడుగుతాయి: అలాంటి దేశానికి వీళ్లు ఎందుకు పోయినట్టు? 1990లో కువైట్ పడిపోయినప్పుడు అడిగినాయి. 2011లో లిబియాలో కాల్పులు మొదలైనప్పుడూ, 2014లో ఇరాక్‌లో మోసుల్ చేజారినప్పుడూ అడిగినాయి. అడిగేవాళ్లు ఎవరంటే, పోవాల్సిన అవసరం లేనివాళ్లు. పైచదువుల మీద అమెరికా పోయిన అగ్రకుల కుటుంబాల వలసకు మన సాహిత్యంలో 'ప్రవాసం' అని మర్యాదైన పేరుంది. మాల మాదిగలు, దూదేకులవాళ్లు, బోయలు కూలికి పోతే దానికి 'పొట్టచేత పట్టుకుని పోవడం' అనే మాటే మిగిలింది. దానికీ ఒక చరిత్ర ఉంటుందని చరిత్రకారులు అనుకోలేదు. ఆ చరిత్ర నుంచి ఈ వ్యాసం ఒక్క ప్రశ్ననే తీసుకుంటుంది. పోయిన దేశంలో పాలన కుప్పకూలినప్పుడు తిరిగొచ్చే దారి ఎవరికి ముందు దొరికింది, ఎవరికి చివర దొరికింది? పోయే కూలీ జీతం కంటే ముందు ఈ తిరుగు దారిని తూకం వేసుకోవాలని నా వాదన.

నంద్యాల, ఆళ్లగడ్డ అంటే బయటివాళ్లకు రెండే గుర్తు: కె.సి. కెనాల్ వరిమళ్లు, ఫ్యాక్షను. ఆ కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. నష్టాలు వచ్చి 1882లో సర్కారుకు అమ్ముకుంది. కాలువ ఉండగానే 1876-78 నాటి ధాతు కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో సుమారు నాలుగో వంతు పోగొట్టుకుంది. కాలువ నీళ్లు భూమి ఉన్నోడి మడిలోకే పారతాయి. భూమి లేని వాడకు వాటి వల్ల వచ్చింది నాటు, కలుపు, కోత కూలి. కూలి ఎంత, ఎప్పుడు అనేది మళ్లీ మడి ఉన్నోడి మాటే. ఇక ఫ్యాక్షను సంగతి. కక్ష పెద్దోళ్లది, బాంబు మోసిందీ, ముద్దాయిగా జైలుకు పోయిందీ ఎక్కువగా కింది కులాల పిల్లలే. ఇరాక్‌ను 'అస్థిర దేశం' అని ఢిల్లీ ఆఫీసులు రాస్తాయి. రెండు జీపులు ఊర్లోకి వస్తే తలుపులు వేసుకున్న వాడకు ఏది స్థిరమైన దేశం? పోయినోడు ఎందుకు పోయినాడు అనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఈ జవాబు చెప్పకుండా జాగ్రత్తలు చెప్పడం కూలీని తిట్టడమే అవుతుంది.

1991 నవంబరులో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు పోయినాడు. దేశం తలుపులు పెట్టుబడికి తెరిచిన ప్రధాని మా ఎం.పి. మా వాడలకు తెరుచుకున్న తలుపు మాత్రం కువైట్‌ది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇరాక్ చెర నుంచి బయటపడిన ఆ దేశానికి మళ్లీ కూలీలు కావాల్సి వచ్చింది. ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి పోతే ఆ పైన కడప జిల్లా. కడప, రాయచోటి, రాజంపేట కువైట్ వలసకు పాత అడ్డాలు. మా వైపు వాళ్లు కూడా ఆ ఏజెంట్ల దారే పట్టినారు. మగవాళ్లు డ్రైవర్లుగా, గొర్రెలు, ఒంటెల కాపర్లుగా. ఆడవాళ్లు అరబ్బు ఇళ్లలో పనికి. మా వంశంలో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాణ్ణి నేను. ఇంటర్ చదివే రోజుల నుంచి వాడలో ఎవరికి వీసా కాగితం వచ్చినా 'ఏం రాసుందో చూడు నాయనా' అని నా దగ్గరికే తెచ్చేవాళ్లు. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. అప్పటికే వడ్డీకి తెచ్చిన డబ్బు ఏజెంటు చేతికి పోయి ఉండేది. కాగితం చదివించుకోవడం చివరి పని. ఈ వరస తిరగబడాలి.

మన తెలుగు కూలీలు విదేశంలో రాజ్యం కూలిపోవడం చూసింది కువైట్‌లోనే మొదలు కాదు. కోస్తా జిల్లాల నుంచి కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల మీదుగా తరాల తరబడి జనం బర్మా పోయినారు. కోరంగి రేవు పేరే అక్కడ తెలుగు కూలీ పేరైంది. 1931 లెక్కల్లో రంగూన్ నగరంలోని నాలుగు లక్షల జనంలో సగానికి పైగా భారతీయులు. బియ్యం మిల్లులు, ఓడరేవు, రిక్షా, పాకీపని మనవాళ్ల మీద నడిచినాయి. పోవడానికి డబ్బు ఎవరిచ్చినారు? మేస్త్రీ. ముందు అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఎక్కించి, అక్కడ కూలిలో పట్టుకునేవాడు. అప్పు తీరేదాకా కూలీ అతని మనిషి. నేటి ఏజెంటుకు అతనే పెద్దన్న.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినారు. కంపెనీలు బర్మా కూలీలను దించినాయి. సమ్మె పరిష్కారమై తెలుగువాళ్లు పనిలోకి రాగానే బర్మావాళ్లను వెళ్లగొట్టినాయి. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చచ్చిపోయినారు. చచ్చినోళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. కంపెనీల ఆస్తికి నష్టం లేదు. ఇద్దరు పేదోళ్లను ఒకే పని కోసం ఎదురెదురుగా నిలబెట్టి, రెండో రోజు చేతులు దులుపుకున్నారు. ఆ దేశపు పేదలు మనల్ని ఎట్లా చూస్తున్నారు, మన కూలి ఎవరి కూలిని తగ్గించడానికి వాడుతున్నారు అనేది కూడా తూకంలో పడాల్సిన రాయి. మన కరపత్రాలు దీన్ని ఎప్పుడూ రాయవు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినాయి. కూలీలు ఊరు వదిలి ప్రోమ్ రోడ్డు పట్టినారు. పాకీవాళ్లు పోయేసరికి నగరం కుళ్లిపోయింది. ఆ పనిని ఏ కులాలకు అంటగట్టినారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బర్మాలో జీవితం పాకీపనివాడి దగ్గరే మొదలవుతుందనీ, ఆరోగ్యానికీ రోగానికీ మధ్య తేడా అతని చేతిలోనే ఉందనీ అప్పటి గవర్నరు డోర్మన్-స్మిత్ ఒప్పుకున్నాడు. తెలిసిన తర్వాత చేసింది ఏమంటే, ఆ మనుషులను వెనక్కి రప్పించి, అన్నం, గుడిసెలు ఇస్తామని పనిలో నిలబెట్టడం. డబ్బున్నోళ్లు ఓడలు, విమానాలు ఎక్కినారు. డెక్కు టికెట్టు మీద పోయే మగ కూలీలకు ఓడ దారి మూసినారు. ఊరికి అవసరమైనోడే ఊర్లో ఇరుక్కున్నాడు. మన పల్లెల్లో వెట్టి చాకిరీ చేసిన న్యాయమే అక్కడ యుద్ధకాలపు చట్టమైంది.

1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, తాము దారిన మణిపురానికి, హుకావుంగ్ లోయ దారిన అస్సాంకు నడిచినారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలమంది దారిలోనే పోయినారు. తెల్లోళ్లకు ఒక దారి, నల్లోళ్లకు ఒక దారి పెట్టినారని అప్పట్లో ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. జాతి వివక్ష అని మన జాతీయ నాయకులు సరిగ్గానే అడిగినారు. నల్లోళ్ల దారిలో ఎవరు ముందు, ఎవరు వెనక అని మాత్రం అడగలేదు. చేతిలో డబ్బు లేనోడు, అప్పు ఉన్నోడు, చివరిదాకా పాకీపనిలో నిలబడినోడు వర్షాలు మొదలయ్యే వేళకు నడక మొదలుపెట్టి ఉంటాడు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చినాక మిగిలినోళ్లను కూడా సొమ్మూ నగలూ వదిలించి పంపినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పటికి అక్కడ లక్షా డెబ్బై వేల దాకా భారతీయులు ఉన్నారు. బ్యాంకులు మూతపడినాయి. కువైటు దీనారు చెల్లని కాగితమైంది. దాచుకున్నోడూ దాచుకోనోడూ ఒక్క రాత్రిలో ఒక్కటైనారు. ఆ నెలలోనే విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ పోయి మాట్లాడి వచ్చినాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దుకు, ఎడారి గుడారాల్లో పడిగాపులు, అక్కడి నుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి బొంబాయి. రెండు నెలల్లో ఐదు వందలకు దగ్గరగా విమానాలు. దీని మీద హిందీలో సినిమా కూడా వచ్చింది, అందులో హీరో ఒక వ్యాపారి. ప్రభుత్వం చేసిన పని పెద్దదే, కాదనడం లేదు. కానీ బస్సు దగ్గరికి చేరాలంటే మొదట ఇల్లు దాటాలి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండి, యజమాని దేశం వదిలి పారిపోతే, అరబ్బు ఇంట్లో పనిచేసే ఆడమనిషి ఏ కాగితం చూపి బస్సు ఎక్కాలి?

నష్టపరిహారం కథ కూడా కాగితం కథే. ఐక్యరాజ్యసమితి 1991లో పరిహార సంఘం పెట్టింది. ఇరాక్ చమురు డబ్బు నుంచి బాధితులకు ఇవ్వాలని దాని పని. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య కువైట్, ఇరాక్ వదిలి రావాల్సి వచ్చిన ఒంటరి మనిషికి 2,500 డాలర్లు. వేరే ఏ పెద్ద దావా వేయనని రాసిస్తే 4,000. మన విదేశాంగ శాఖలో దీనికి ప్రత్యేక కువైట్ విభాగం ఉండేది. 4,000 డాలర్లంటే ఆ కాలంలో మా వైపు ఎకరాల లెక్క. అది రావాలంటే ఫారం నింపాలి, అక్కడ ఉన్నట్టు, ఫలానా రోజు వచ్చినట్టు చూపాలి. ఇంజనీరుకు కంపెనీ కాగితం ఉంటుంది. గొర్రెల కాపరికి ఏముంటుంది?

ఇప్పుడు చట్టం సంగతి. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివాళ్లు 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. కువైట్, ఇరాక్, లిబియా, యెమెన్ అన్నీ ఇందులో ఉన్నాయి. ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలి. రక్షణ కోసమే పెట్టినారు. జరిగింది ఏమంటే, అనుమతి దొరకనోళ్లను ఏజెంట్లు విజిట్ వీసా మీద వేరే దేశంలో దించి, అక్కడి నుంచి మళ్లిస్తారు. 2004లో లారీ డ్రైవర్ల అపహరణ తర్వాత ఇరాక్ ప్రయాణాన్ని మన ప్రభుత్వం నిషేధించింది, 2010లో ఎత్తేసింది. నిషేధంతో ప్రయాణం ఆగదు, మనిషి లెక్కలో లేకుండా పోతాడు. 2014లో మోసుల్‌లో ఎత్తుకుపోయిన 39 మంది కూలీలు చనిపోయినారని 2018 మార్చిలో గానీ పార్లమెంటులో చెప్పలేదు. ఎముకలను డి.ఎన్.ఎ. పరీక్షతో పోల్చుకున్నారు. అందులో ఎక్కువమంది పంజాబు వాళ్లు. నాలుగేళ్లు ఇంటివాళ్లు బతికున్నారనే అనుకున్నారు.

కాబట్టి డబ్బు కట్టక ముందు అడగాల్సినవి అడగాలి. వీసా ఎవరి పేరు మీద, ఏ పనికి? 'ఆజాద్ వీసా' అంటే అక్కడ దిగిన రోజు నుంచే చట్టం బయట ఉన్నట్టు లెక్క. గొడవలు మొదలైతే మొదట పట్టుకునేది ఆ మనిషినే. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా? ఉన్నోడు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోకూడదు. కడపలోనో ప్రొద్దుటూరులోనో లక్షన్నర అడిగేవాడు ఆ చట్టంలో లేడు. ఆ లక్షన్నర వడ్డీకి తెచ్చినదైతే యుద్ధం వచ్చినా మనిషి కదలడు. అప్పే కాపలా కాస్తుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదేనని నాకనిపిస్తుంది. బాంబు పడే చోటు నుంచి పరుగెత్తొచ్చు, ఊర్లో ఎదురుచూసే వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తి రాలేరు. జీతం అక్కడే దాచిపెడతామనే యజమాని మాట కూడా నమ్మొద్దు. నెలనెలా ఇంటికి పంపిన డబ్బే మన డబ్బని 1990 చెప్పింది.

పనిమనిషి పాస్‌పోర్టు యజమాని పట్టుకోకూడదని కువైట్ 2015లో చేసిన ఇంటిపనివాళ్ల చట్టంలోనే ఉంది. అమలు వేరే సంగతి. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని అనుమతి కావాలని కువైట్ కొత్త నియమం తెచ్చింది. తిరుగు దారికి గేటు పెట్టి, తాళం యజమానికి ఇచ్చినట్టే.

ఇది చదువు లేనోళ్ల సమస్య అని మన విద్యార్థులు అనుకోకూడదు. కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి కంబోడియా పోయిన విశాఖ వైపు యువకులు సైబర్ మోసాల ముఠాల చేతిలో బందీలైన సంగతి 2024 మేలో బయటపడింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని మయవడ్డి ప్రాంతం నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తెచ్చినారు. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. అంతర్యుద్ధంలో ఉన్న దేశమని ఏజెంటు చెప్పలేదు. ఆఫర్ లెటర్‌లో థాయిలాండ్ అని ఉంది. బర్మాకు తెలుగువాడు మళ్లీ పోయినాడు, ఈసారి చేతిలో డిగ్రీతో.

నంద్యాల, ఆళ్లగడ్డల్లోని మన సంఘాలు, టీచర్లు చేయగలిగిన పని ఒకటుంది. వాడకొక నోటుబుక్కు పెట్టాలి. పోయినవాళ్ల పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏ దేశం, ఏ ఊరు, యజమాని ఫోను, ఏజెంటు పేరు, వీసా జిరాక్సు. 275 రూపాయలతో రెండేళ్లకు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా కట్టినారా, నామినీగా ఎవరి పేరు రాసినారు. 1942లో నడిచి వచ్చినవాళ్లకు గానీ, రాలేక దారిలో పోయినవాళ్లకు గానీ ఇలాంటి జాబితా ఏ ఊర్లోనూ లేదు. అప్పట్లో కలెక్టరు దగ్గరికి పోవాలంటే కర్నూలు పోవాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాలే జిల్లా కేంద్రం. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కితే పూట తిరక్క ముందే ఆ జాబితా కలెక్టరేటులో ఇచ్చి రావచ్చు.