కట్టుమరం నుంచి కోట్ల పడవ దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు ఏ రాజుల కథో వ్రాద్దామనుకున్నాను. ఇంతలో అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, ఉద్యోగం మానేశాను. ఇల్లు అమ్మేసి కాటమరాన్ కొంటున్నాం. ఇక మా ఇద్దరి కాపురం దానిలోనే, సముద్రాలన్నీ తిరుగుతాం. అమ్మకు నువ్వే నచ్చచెప్పాలి" అన్నాడు. మా అక్కయ్యకు ఎనభై ఏళ్లు. ఆ మాట విన్న నాటినుంచి ఆమెకు అన్నం సహించడం లేదు. ఆమెకు జవాబు చెప్పడం కోసం ఈ పడవ పుట్టుపూర్వోత్తరాలు కొంత చదివాను. అదే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. కట్టు, మరం అనేవి తమిళ మాటలు. కట్టిన దుంగలు అని అర్థం. మనం తెప్ప అంటాం. కోరమాండల్ తీరానికి వచ్చిన తెల్లవాళ్లు ఆ మాటను తమ భాషలో కలుపుకున్నారు. విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడి యాత్రా గ్రంథం 1697లో అచ్చయింది. దానిలో ఈ మాట ఉంది. అయితే ఇప్పుడు కోట్లకు అమ్మే కాటమరాన్ మన తెప్ప కాదు. రెండు సన్నని పడవలను ఎడంగా నిలిపి, నడుమ వేదిక వేసి బిగించినది. ఇది పసిఫిక్ ద్వీపవాసుల విద్య. పేరు మన తీరానిది, రూపం వారిది.

ఐరోపాలో ఈ రూపాన్ని మొదట పరీక్షించినవారిలో సర్ విలియం పెట్టీ ఒకరు. ఐర్లండు భూములను కొలిపించి పటాలు తయారు చేయించినది ఆయనే. సర్వే, రెవెన్యూ శాఖలలో పనిచేసిన మన మిత్రులకు ఆయన ఒకరకంగా పెద్దన్న! 1660 దశకంలో ఆయన జంట పడవలు కట్టించాడు. ఒకటి పందెం గెలిచింది. తరువాతిది తుపానులో మనుషులతో సహా పోయింది. ఆ తరువాత 1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే నిర్మాత అమరిల్లిస్ అనే జంట పడవతో పందెంలో అందరినీ దాటిపోయాడు. ఓడినవారు అభ్యంతరం లేవదీసి దానిని పోటీనుంచి తప్పించారు. మంచి పని చేసినవాడికి మెమో రావడం ఒక్క మన ఆఫీసులలోనే కాదన్నమాట.

దూరప్రయాణానికి ఇది పనికివస్తుందని చూపినవారు ధనవంతులు కారు. జేమ్స్ వారమ్ అనే ఆంగ్లేయుడు 24 అడుగులైనా లేని పడవను స్వయంగా కట్టుకుని, ఇద్దరు యువతులతో కలిసి అట్లాంటిక్ దాటి 1957 నాటికి ట్రినిడాడ్‌లో ఉన్నాడు. అక్కడే పెద్ద పడవ కట్టి 1959లో న్యూయార్కునుంచి ఐర్లండు చేరాడు. డాక్టర్ డేవిడ్ లూయిస్ భార్యతో, ఇద్దరు చిన్న కూతుళ్లతో రేహు మోవానా అనే జంట పడవలో భూమి చుట్టి 1967లో తిరిగివచ్చాడు. కాటమరాన్‌పై భూప్రదక్షిణ అదే మొదటిది.

విలాసం ఆ తరువాత వచ్చింది. ఫ్రాన్సులో ఫౌంటేన్ పజో సంస్థ 1976లో, లగూన్ సంస్థ 1984లో మొదలైనాయి. ఫైబరు అచ్చుల్లో పోసిన ఈ పడవలలో పడకగదులు, స్నానాలగదులు, వంటిల్లు, సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం ఉంటాయి. ఒక చట్రం పడవలాగా ఇది గాలికి ఒక పక్కకు ఒరగదు. బల్లమీద కాఫీ గ్లాసు నిలుస్తుంది. లోతులేని రేవుల్లోకీ పోగలదు. ఇల్లాలు ఒప్పుకునేది ఇక్కడే.

ఇక ఖర్చు వైపు. 45 అడుగుల పడవకు సుమారు 25 అడుగుల వెడల్పు ఉంటుంది. అందువల్ల రేవుల్లో అద్దె ఎక్కువ. ఇంజన్లు రెండు, కనుక మరమ్మతులూ రెండింతలు. తెరచాపలు, తాళ్లు, బీమా వేరు. ఏటా పడవ ధరలో పదో వంతు నిర్వహణకు తీసిపెట్టమని అనుభవజ్ఞులు అంటారు. అంటే పదేళ్లలో మరో పడవ ధర!

ప్రాణం సంగతి మరొకటి. హవాయి వారు పూర్వపు పద్ధతిలో హోకులేయా అనే జంట పడవ కట్టారు. 1976లో మావు పియాయిలుగ్ అనే నావికుడు ఏ పరికరాలూ లేకుండా, నక్షత్రాలను, అలలను చూసి దానిని తహితి చేర్చాడు. అదే పడవ 1978 మార్చిలో బరువుతో బయలుదేరి, నీరెక్కి, రాత్రి గాలిలో బోర్లాపడింది. సాయం తేవడానికి సర్ఫ్‌బోర్డుపై ఈదుకుంటూ వెళ్లిన ఎడ్డీ ఐకావు తిరిగి రాలేదు. పడవను పట్టుకుని ఉన్నవారంతా బతికారు.

ఇది చదువుతుంటే 1979 మే నెల తుపాను గుర్తుకొచ్చింది. అప్పుడు నేను నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. నష్టాల జాబితా వ్రాస్తూ, తెప్ప మునిగిపోయిందా అని ఒక ముసలి జాలరిని అడిగాను. "తెప్ప మునగదు సామీ, తిరగబడద్ది. తిరగబడినా దాన్ని వదలకూడదు" అన్నాడు. జంట పడవ సూత్రం కూడా అదే. అడుగున సీసపు బరువు లేదు గనుక తేలికగా మునగదు, కానీ బోర్లాపడితే దానంతట అది లేవదు. బరువు తగ్గించడం, గాలి పెరగకముందే చాప దించడం, పడవను విడవకపోవడం, ఈ మూడే రక్ష.

మేనల్లుడికి నాలుగు మాటలు చెప్పాను. ముందు ఒక కాలమంతా అద్దె పడవలో తిరిగి చూడు. అమ్మేవాడి మనిషిని కాకుండా నీ సొంత సర్వేయరును పెట్టి, పడవను నీటిలోంచి పైకి తీయించి చూడు. అద్దెలకు తిరిగిన పాత పడవ అయితే ఇంజన్ల గంటల లెక్క అడుగు. అన్నిటికంటె ముఖ్యం, ఇల్లు అమ్మకు. అద్దెకివ్వు. సముద్రం మీద మోజు తీరవచ్చు, మోకాళ్లు మొరాయించవచ్చు. తిరిగివచ్చేవాడికి ఒక గడప ఉండాలి.

వాడు చాలాసేపు ఆలోచించి, ఇల్లు అమ్మడం ఆపాడు. ఈ శీతాకాలం అద్దె పడవతో సరిపెడతాడట. అక్కయ్య మాత్రం ఒక్కటే అడిగింది, "అది మునగదు కదరా?" అని. "మునగదక్కయ్యా, వాడు దాన్ని వదలకుండా ఉంటే చాలు" అన్నాను. ఆ పూట అన్నం తిన్నది.